పాత తీగెకు క్రొత్త భారము

ఒక వస్తువు ఏ పనికై నిర్మింపబడినదో ఆ పని ముగిసిన పిమ్మట దానిని మఱియొక పనికి నియోగించుట ధర్మమా, కాదా, ధర్మమైనచో ఏ నియమములకు లోబడి ధర్మమగును అను ప్రశ్న పైకి గృహస్థుని పొదుపునకు సంబంధించిన చిన్న ప్రశ్నగా తోచును గాని, కొంచెము లోతునకు దిగి చూచినచో అది దానమునకును, సత్యమునకును, అహింసకును సంబంధించినదనియు, మన పూర్వులు యజ్ఞశాలలోను, దేవాలయములోను, భిక్షువిహారములోను ఎదుర్కొని సమాధానము చెప్పిన ప్రశ్నయే యనియు తెలియగలదు. గోదావరిఖని కార్మికవాడలలోని యిండ్లగోడలపై మిగిలిపోయిన హీటరు లైనును, అనగా వంటహీటరుకై వేసిన కరెంటు తీగెను, ఆధారముగా గొని ఆ ప్రశ్నను ఇక్కడ విచారింపబూనితిని. ఇంత గంభీరమైన చర్చకు ఇంత అల్పమైన ఉదాహరణ మేల యని శంకించువారికి నా మనవి యొక్కటే: ధర్మము సూక్ష్మమని పెద్దలు చెప్పినది నిజమైనచో, అది ఒక మిల్లీమీటరు మందము గల తీగెతొడుగులో ఇముడుటకు అడ్డేమియు లేదు.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించినది మొదలు, 1886లో దక్కను కంపెనీ చేతులలో పెరిగి, 1920లో సింగరేణి కాలరీస్ అను నామమును ధరించి, నేడు రాష్ట్రప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రప్రభుత్వమునకు 49 శాతము భాగముగల సంస్థగా నిలిచిన ఆ కంపెనీ, గోదావరీతీరమున గనులు త్రవ్వి ఊళ్లను పుట్టించినది. గనుల ప్రక్కనే రామగుండమున 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రము వెలసెను. 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ కేంద్రము క్రమముగా పెరిగి 2,600 మెగావాట్లకు చేరెను. ఈ నేలలోని బొగ్గు ప్రత్యేకమైన రైలుమార్గముపై ఆ కేంద్రమునకు పోవును. అక్కడ మండి, తీగెలపై నెక్కి దూరదూరములకు ప్రవహించును. అందలి యొక పాయ, దానిని త్రవ్విన కార్మికుని క్వార్టరు వంటింటిలోనికే తిరిగి వచ్చును.

ఆ వంటింటి చరిత్ర పొయ్యిల చరిత్ర. మొదట బొగ్గు కుంపటి, పిదప కరెంటు హీటరు, అటుపిమ్మట గ్యాసు బండ. హీటరనగా పెద్ద యంత్రమేమియు కాదు. మట్టిపళ్లెములోని గాళ్లలో మెలికలు తిరిగి కూర్చున్న నిక్రోము చుట్ట, దానికి రెండు తీగెలు, అంతే. క్వార్టరులో కరెంటు ఖర్చు చాలవఱకు కంపెనీయే భరించు ఆచారముండుటచేత, అన్నము, కూర, స్నానపు నీళ్లు, పసిపిల్లల పాలు సమస్తమును ఆ ఎఱ్ఱని చుట్టపైననే కాగినవి. ధరలేని వస్తువునకు పొదుపుండదు. ఉదయము మొదటి షిఫ్టువారి టిఫిను డబ్బాకై తెల్లవాఱకమునుపే వెలిగిన హీటరు, రాత్రి షిఫ్టువారు భోజనము చేసి పోవువఱకు చల్లాఱని యిండ్లెన్నియో కలవు. ఇల్లాలు ఆ కరెంటునకు బిల్లు కట్టలేదు, నిజమే. అయినను ఎవరును కట్టకపోలేదు. గోడమీది తీగె కట్టెను. తన తొడుగులోని మెత్తదనమును రోజు కొంత చొప్పున చెల్లించుచు వచ్చెను.

ఇప్పుడు గ్యాసు వచ్చినది. హీటరు అటకెక్కినది. దాని కొఱకు వేసిన లైను మాత్రము బోర్డు నుండి వంటింటిదాక నిలిచియున్నది. ఇంటిలో ఫ్రిజ్, మిక్సీ, వేసవిలో కూలరు చేరినవి గాని, వానిని తగిలించుటకు సాకెట్లు చాలవు. అప్పుడు సహజముగా చూపు ఆ లైనుపై పడును. “అన్నా, గీ హీటర్ లైను ఖాళీగనే ఉన్నది. గీడికెళ్లే ఫ్రిజ్జుకు, కూలరుకు సాకెట్లు గుంజుకుందమా?” అని చిన్నవా డడుగును. “రాగి వైరే గదనే తమ్మీ, దానికేమైతది? గుంజుకో” అని పెద్దవాడు తీర్పు చెప్పును. పది నిమిషములలో పని ముగియును. ఆ తీర్పులో పొదుపు కలదు, తెలివి కలదు, ఇతరుల కష్టమును వృథా పోనీయరాదను మర్యాదయు కలదు. ఒక్క పరీక్ష మాత్రము లేదు.

ఆ లైనును దగ్గఱగా చూతము. హీటరు పాయింటు బిళ్లను విప్పినచో, స్క్రూ క్రింద నున్న రాగిపోగులు తమ ఎఱుపును పోగొట్టుకొని నల్లబడియుండును. వాని ప్రక్క రెండంగుళముల మేర తొడుగు గట్టిపడి, వ్రేలితో వంచినంతమాత్రాన పెటుక్కున పగిలి పొలుసులుగా రాలును. అక్కడినుండి జానెడు దూరము పోయినపిదప అదే తొడుగు మెత్తగా, నిగనిగలాడుచు, క్రొత్తదానివలె కనబడును. ఈ మూడు స్థితులును ఒకే తీగెలో నున్నవి. మధ్యభాగమును చూచినవాడు తీగె బాగున్నదనును. కొసను చూచినవాడు పాడైనదనును. ఇద్దఱును సత్యమే చెప్పినవారగుదురు. కావున కంటితో చూచి చెప్పిన మాట ఇందు ప్రమాణము కానేరదు.

కొసయే ఏల చెడును? ప్రవాహము రెండింతలైన తాపము నాలుగింతలగునని జూల్ 1841లోనే నిరూపించెను. రెండువేల వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద ఇంచుమించు 8.7 ఆంపియర్లను లాగును. సరియైన మందముగల తీగె దీనిని సునాయాసముగా మోయును. కాని స్క్రూ కొంచెము వదులై, ఆ సందులో ఓములో పదవవంతు నిరోధము చేరినదనుకొందము. అప్పుడు ఆ యొక్క బిందువునందే ఏడున్నర వాట్ల వేడిమి పుట్టును. ఆ లైనుపైననే రెండు మూడు ఉపకరణములు కూడి ప్రవాహము 15 ఆంపియర్లకు పెరిగినచో, అదే సందులో పుట్టు వేడిమి 22.5 వాట్లు, అనగా రేడియో బాగుచేయువాడు టంకమును కరగించుటకు వాడు చిన్న సోల్డరింగు కడ్డీ వేడిమికి దాదాపు సమానము. అది గోడలో, ప్లాస్టిక్కు పెట్టెలో, ఎవరికిని కనబడకుండ పనిచేయుచుండును. సామాన్యమైన పీవీసీ తొడుగు 70 డిగ్రీలవఱకు ఓర్చునని లెక్క. ఆ పైని వేడిమి పది డిగ్రీలు పెరిగిన కొలది తొడుగు ఆయుస్సు సగము సగముగా తఱుగునని ఇంజనీర్లు స్థూలముగా చెప్పుదురు. ఇక రామగుండపు ఎండ సంగతి వేఱుగ చెప్పవలెనా? బయట 45 డిగ్రీలున్న మధ్యాహ్నమున తీగెకు మిగిలిన ఓర్పు 25 డిగ్రీలే. సరిగా అప్పుడే ఇంటిలో కూలరును, ఫ్రిజ్‌ను, పంకాయును అన్నియు నొక్కసారి తిరుగుచుండును. తీగె శక్తి తగ్గిన వేళనే దాని భారము పెరుగును.

ఇంతమాత్రముచేత పాతదానిని పాఱవేయుడని నేను చెప్పబోవుట లేదు. పాతదానిని తిరిగి వాడుకొనుట మన ధర్మములలో ఉత్తమమైనది. కౌశాంబిరాజగు ఉదయనుని అంతఃపురస్త్రీలు ఆనందునకు ఐదువందల వస్త్రములు దానము చేయగా, సన్న్యాసికి ఇన్ని బట్టలెందులకని రాజు శంకించి వచ్చి ప్రశ్నించిన వృత్తాంతము బౌద్ధుల వినయపిటకమున కలదు. చిఱిగిన చీవరములుగల భిక్షువులకు వీనిని పంచెదననియు, వారి పాత చీవరములు పఱుపుపై కప్పు దుప్పట్లగుననియు, దుప్పట్లు పాతవైనచో పఱుపు గలేబులగుననియు, అవియు జీర్ణించినచో నేలపఱపులు, పిదప కాళ్లు తుడుచుకొను పట్టలు, పిదప దుమ్ము దులుపు గుడ్డలు అగుననియు, కట్టకడపట వానిని ముక్కలుచేసి మట్టిలో కలిపి నేల అలుకుదుమనియు ఆనందుడు ఒక్కొక్క మెట్టును వివరింపగా, రాజు సంతసించి మఱి ఐదువందల వస్త్రములను తానే సమర్పించెనట. వ్యర్థమన్నమాటకు చోటులేని లోకమది.

అయితే ఈ కథ చెప్పువారు పొదుపును పొగడి ఊరకుందురు. అందలి క్రమమును గమనింపరు. ఆనందుని వస్త్రము ప్రతి మెట్టునందును క్రిందికే దిగినది. ఒడలిని కప్పినది మంచమును కప్పెను. మంచమును కప్పినది నేలను కప్పెను. తుదకు మట్టిలో కలిసెను. కాళ్లపట్టను తిరిగి చీవరముగా ధరింపుమని ఆయన యెక్కడను చెప్పలేదు. వస్తువు బలము తగ్గిన కొలది దానిపై నుంచు భారమును, అది తప్పినచో కలుగు కీడును కూడ తగ్గుచు రావలెను; పునర్వినియోగమునకు ఇది ప్రాణసూత్రము.

ఈ సూత్రముతో హీటరు లైనును కొలిచినచో, సమాధానము తీగెను బట్టి మాఱును. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె, ఎర్తుతో కూడ, హీటరుకై ప్రత్యేకముగా వేయబడి, నేడు ఒక ఫ్రిజ్‌ను మాత్రము మోయవలసివచ్చినచో అది మెట్టు దిగినదే; నిశ్చింతగా ఆనందుని మార్గము. కాని హీటరుతోపాటు బజారులో కొన్న సన్నని మెత్తని వైరును మేకులతో గోడకు కొట్టి, దాని చివర నాలుగు సాకెట్ల బోర్డు బిగించినచో అది మెట్టు ఎక్కినది. హీటరు ఒంటరి భారము; దాని పరిమితి తెలిసినది; ఇంటివారి కన్నులయెదుట వెలిగి ఆఱునది. సాకెట్టు అట్లు కాదు. అది ఎవరేమి తెచ్చినను కాదనదు. నేడు సెల్లు ఛార్జరు, ఱేపు ఇస్త్రీపెట్టె, ఎల్లుండి పెండ్లికి వచ్చిన చుట్టము తెచ్చిన వాటర్ హీటరు కడ్డీ. తెలిసిన భారము నుండి తెలియని భారమునకు పోవుట, అంకెలలో తగ్గినట్లు కనబడినను, ధర్మమున పెరుగుటయే యగును.

ఎర్తు మాట ఇంకను గట్టిగా చెప్పవలసియున్నది. మట్టిపళ్లెపు హీటరుకు రెండు తీగెలే చాలునని వేసిన లైనులలో మూడవ తీగె యుండదు. దానికి ఇనుపరేకు కూలరును తగిలించినచో, నీళ్లు, ఇనుము, విద్యుత్తు ఒక్కచోట చేరినట్లగును. తడిసిన నేలపై వట్టికాళ్లతో నిలిచి నీళ్లు నింపబోయిన మనిషి శరీరమే అప్పుడు ఆ లేని మూడవ తీగె యగును. తెలంగాణములో ప్రతి వేసవియు పత్రికలలో కూలరు షాకు మరణముల వార్త చదువని వారుండరు. ఆ వార్తలో పేరు సామాన్యముగా సాకెట్టు గుంజినవానిది కాదు. ఇంటిలో నీళ్లు పోసినవారిది, లేక ఆడుకొనుచు ముట్టుకొన్న పసివానిది.

ఇచట నొక వేదాంతి పూర్వపక్షము చేయవచ్చును. జీర్ణించినది తొడుగు మాత్రమే; లోని రాగి జీర్ణింపలేదు; చినిగిన వస్త్రమును విడిచి క్రొత్త వస్త్రమును ధరించు దేహివలె, తీగెలోని సారము యథాతథముగా నున్నది; కావున తీగె పాతదనుట అజ్ఞానము అని. “రాగి వైరే గద” అన్న పెద్దన్న తీర్పులో ఈ వేదాంతమే పల్లెభాషలో పలికినది. ఈ వాదము అందమైనదే. రాగి నిజముగా నలువది ఏండ్లకును రాగియే. కాని శంకరుల సంప్రదాయమున పరమార్థము వేఱు, వ్యవహారము వేఱు. ఉపాధికి కలిగిన దోషము ఆత్మకు అంటదను మాట ఆత్మవిషయమున చెల్లునుగాని, ఉపాధిని నమ్మి దానిని ముట్టుకొను ఎదుటివాని విషయమున చెల్లదు. గీతలో జీర్ణవస్త్రమును విడుచుటను గూర్చి చెప్పిరే కాని, చినిగినదానిని తొడిగించి ఇతరులను దాని నీడకు పంపుమనలేదు. రాగి చెడలేదు; నిజము. ఆ రాగికిని పిల్లవాని వ్రేలికిని నడుమ నున్నది చెడినది. విద్యుత్తు విషయమున ఆ నడుమ నున్నదే సర్వస్వము.

ఇక సత్యము సంగతి. కఠోపనిషత్తు ఒక యజ్ఞముతో ఆరంభమగుట మనకందఱకు తెలిసినదే. సర్వస్వమును దానము చేయవలసిన వాజశ్రవసుడు, ఇక నీరు త్రాగలేని, గడ్డి మేయలేని, పాలు వట్టిపోయిన ముసలి గోవులను దక్షిణగా తోలుచుండగా చూచి, బాలుడగు నచికేతుని హృదయమున శ్రద్ధ ప్రవేశించినది. మృత్యువుతో ఆ బాలుడు జరిపిన సంవాదమును కొనియాడువారు, ఆ సంవాదమునకు బీజము ఇట్టి యొక జీర్ణవస్తుప్రశ్నయే యని మఱచుచుందురు. గోవు ముసలిదగుట దోషము కాదు. ముసలిగోవును ఇంటనుంచుకొని పోషించుట పుణ్యమే. దోషము మఱియొకచోట నున్నది. పుచ్చుకొనువానికి అది పాడిగోవను భావము కలుగునట్లు చేసి, తన పోషణభారమును అతనికి దానము పేర అంటగట్టుట దోషము.

క్వార్టరు చేతులు మాఱుటను ఈ దృష్టితో చూడుడు. ఒకరు రిటైరై స్వగ్రామమునకు పోవుదురు. వారి క్వార్టరు మఱియొకరికి కేటాయింపబడును. వచ్చినవారు గోడలకు సున్నము వేయించుకొందురు. తలుపునకు పసుపు పూసి, గడపకు బొట్టు పెట్టి, పాలు పొంగింతురు. వంటింటి సాకెట్టు వెనుక పాత హీటరు లైను ఉన్నదని వారికి తెలుపువారెవరు? క్రొత్త తెల్లని ప్లాస్టిక్కు బిళ్ల ముందు నిలిచినవానికి, వెనుకనున్నదియు క్రొత్తదే యని తోచుట సహజము. ఆ బిళ్లయే ఇచట అసత్యము. నోటితో నెవరును అబద్ధమాడలేదు. అయినను గోడ అబద్ధమాడుచున్నది. పదునాఱు ఆంపియర్ల సాకెట్టును బిగించుటయనగా, “నేను పదునాఱు ఆంపియర్లు మోయుదును” అని వ్రాసి సంతకము పెట్టుటయే. వెనుకనున్న తీగె ఆ మాటను నిలుపలేనిదైనచో, సంతకము చేసినవాడు ఊరు విడిచిపోయినను ఆ అసత్యము అతనినే అంటియుండును.

ఈ బొగ్గునేలపైననే ఈ ప్రశ్నను ఎత్తుటకు నాకొక ప్రత్యేకకారణము కలదు. ఇక్కడి మగవారు దినమునకు ఎనిమిది గంటలు లోకములోకెల్ల కఠినమైన నియమములలో నొకటి యగు శాసనమునకు లోబడి జీవింతురు. గనిలో దిగువానివద్ద బీడీగాని, అగ్గిపెట్టెగాని ఉండరాదు. దిగకముందు జేబులు తడిమి చూతురు. గాలిలో మీథేను 5 శాతము మొదలు 15 శాతము వఱకు ఉన్నచో నిప్పురవ్వతో ప్రేలును గనుక, అంత దూరము పోనీయక 1.25 శాతమునకే విద్యుత్తును తెగగొట్టవలెనని నియమము. లోపల వాడు స్విచ్చిపెట్టెలు, మోటార్లు తమలో పుట్టిన నిప్పు వెలికి రాని గట్టి కవచములు కలవిగా నుండవలెను. మనుషులను దింపు తాడును సమర్థుడైనవాడు ప్రతిదినము పరీక్షించి పుస్తకమున వ్రాయవలెను. అతుకు వేసిన తాడు మనుషులకు పనికిరాదు. ఈ నియమములు ఒక్కొక్కటియు వెనుకటి మరణముల మీద వ్రాయబడినవని గనికార్మికుడెఱుగును. అందుచేతనే విసుగుకొన్నను పాటించును.

అదే మనుష్యుడు షిఫ్టు దిగి, దీపపుగదిలో క్యాపుల్యాంపును అప్పగించి, ఇంటికి వచ్చి, ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని రాగిపోగులు మూడు కలిపి మెలివేసి కిట్‌క్యాటు ఫ్యూజుపెట్టెలో బిగించును. భూమికి మూడువందల అడుగుల క్రింద ఇట్లు చేసినవానిని తానే పట్టి పైయధికారియగు ఓవర్‌మన్‌కు అప్పగించును! క్రింద ధర్మమైనది పైన ధర్మము కాకపోవునా? క్రింద తనిఖీ చేయువాడు, శిక్షించువాడు కలడు, పైన లేడు. ఈ తేడా వలననే ఆచరణ మాఱినచో, మనము క్రింద పాటించినది ధర్మముగాదు, శాసనభయము మాత్రమేయని ఒప్పుకొనవలసివచ్చును. చూచువాడు లేనిచోట నిలుచునదే ధర్మము. ఇంకొక విచిత్రము చూడుడు: 1971 నాటి ఆ 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రమునకైనను, అర్ధశతాబ్దికిపైగా సేవచేసిన పిమ్మట, వయసు మీఱినదని 2024లో విశ్రాంతి నిచ్చిరి. కార్మికునకును రిటైర్మెంటు తేది కలదు. గోడలోని తీగెకు మాత్రము రిటైర్మెంటు లేదు. అది కాలిననాడే దానికి పదవీవిరమణ.

దసరానాడు ఇక్కడి వర్కుషాపులలో ఆయుధపూజ ఘనముగా జరుగును. యంత్రములను కడిగి, కుంకుమబొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయలు కొట్టుదురు. జడవస్తువునందును శక్తి కలదని, దానిని గౌరవించి వాడవలెనని ఆ పూజ చెప్పు అర్థము. కాని బొట్టు పెట్టిన చేయి స్క్రూ బిగించినదా యని అడుగవలసిన దినమును అదే.

అట్లైన పాతదానిని ఎట్లు తిరిగి వాడవలెను? దీనికి మన ఆగమములు చక్కని విధి నేర్పరచినవి. దాని పేరు జీర్ణోద్ధారణము. ఆలయము జీర్ణించినచో పూజ సాగుచుండగా రాళ్లు కదల్పరు. ముందుగా మూలమూర్తియందలి శక్తిని కలశమునందు ఆవాహన చేసి, బాలాలయమునకు తరలింతురు. పిదప కట్టడమును పరీక్షించి, పనికివచ్చు రాతిని నిలిపి, రానిదానిని తొలగించి, అంగహీనమైనదానిని జలమునకు అప్పగించి, పని పూర్తియైన పిమ్మట సంప్రోక్షణము చేసి శక్తిని మరల ప్రతిష్ఠింతురు. మన కాలముననే యాదగిరిగుట్టలో 2016 నుండి బాలాలయమున పూజలు జరిపి, 2022 మార్చి 28న మహాకుంభసంప్రోక్షణముతో ప్రధానాలయమును తెఱచుట తెలుగువారెల్లరు చూచినారు. ఈ విధిలో పాత రాయి తిరిగి దేవునికి పనికివచ్చును. కాని శక్తిని ఉపసంహరింపక, పరీక్షింపక, పునఃప్రతిష్ఠ చేయక కాదు. మంథని వంటి వేదభూమి చేరువలో గల ఈ ఊరివారికి ఈ క్రమము క్రొత్తగా నేర్పవలసినది కాదు.

ఆ విధినే తీగెకు అన్వయింతము. మెయిన్‌స్విచ్చి ఆపి, టెస్టరుతో చూచి, లైను చచ్చినదని రూఢి చేసికొనుట ఉపసంహారము. హీటరు పాయింటు మొదలు బోర్డువఱకు ప్రతి పెట్టెను విప్పి, పెళుసుబాఱిన కొసలను మెత్తని భాగము వచ్చువఱకు కత్తిరించి, అతుకులను తీసివేసి, ఉపకరణములన్నియు ఊడదీసి, 500 వోల్టుల మెగ్గరుతో తొడుగు నిరోధమును కొలుచుట పరీక్ష; అది ఒక మెగోముకన్న తక్కువైనచో ఆ తీగెను మాఱుమాటలేక తీసివేయవలెను. ఎర్తు లేనిచో ఎర్తు తీగె లాగవలెను. దానికి వీలులేనిచో ఆ లైనుకు సాకెట్టు యోగ్యత లేదు. పిదప లైనంతటిలో అతిసన్నని ముక్క ఏదో దానిని బట్టి, భారము మితిమీఱినచో ప్రవాహమును తెగగొట్టు ఎమ్‌సీబీని నిర్ణయింపవలెను, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగికి 10 ఆంపియర్లు, 2.5కు 16 ఆంపియర్లు అని వైర్‌మన్లు సాధారణముగా పాటించు లెక్క. బలవంతుడైన భాగమును చూచి భారము పెట్టుట లోభి లక్షణము. బలహీనమైన భాగమును చూచి భారము తగ్గించుట ధర్మజ్ఞుని లక్షణము. 30 మిల్లీఆంపియర్ల లీకుకే తెగిపోవు ఆర్‌సీసీబీని కూడ పెట్టినచో, మనుష్యుడు పొరపడినను ప్రాణము నిలుచుటకు అవకాశము మిక్కిలి పెరుగును. ఇంత జరిగిన పిమ్మట స్విచ్చి వేయుటయే పునఃప్రతిష్ఠ.

ఇంత తతంగమునకు అగు ఖర్చుతో క్రొత్త వైరే వచ్చును గదా యని యొకరు అడుగవచ్చును. కొన్నియిండ్లలో అది నిజము. అట్టిచోట క్రొత్త వైరే పొదుపు. పరీక్ష ఖర్చును మిగిల్చుకొని పొదుపుచేసితిననువాడు తన జేబులో మిగిలిన రూపాయిని, ఇంటివారి ప్రాణమును కుదువబెట్టి తెచ్చుకొన్న అప్పుగా లెక్క వ్రాసికొనవలెను. ఆ అప్పునకు వాయిదా లేదు. వసూలు మాత్రము కలదు.

నా సిద్ధాంతము ఇది. జీర్ణమగుట ఏ వస్తువునకును అవమానము కాదు. జీర్ణమైనదానిని తిరిగి పనికి పెట్టుట గృహస్థునకు భూషణమే. కాని దాని బలమును కొలువకయు, కొలిచినదానిని తరువాతివానికి తెలుపకయు పనికి పెట్టుట హింసయే యగును, ఆ హింస జరుగుటకు పది సంవత్సరములు పట్టినను. పొదుపు చేయువాడొకడు, దాని ఫలమనుభవించువాడు మఱియొకడు అయినపుడు, ఆ పొదుపునకు పొదుపను పేరు చెల్లదు.

కావున ఎనిమిదవ ఇంక్లైను కాలనీలోనైనను, ఎన్టీపీసీ వాడలోనైనను, మఱి యే యూరిలోనైనను పాత హీటరు లైను నుండి సాకెట్టు గుంజుకొనదలచిన సోదరులకు నా విన్నపము: గనిలో తాడును పరీక్షించినట్లు దీనిని ముందు పరీక్షింపించుడు, పనికివచ్చినచో నిస్సంకోచముగా వాడుకొనుడు, రానిచో పాత రాగి కొనువాని కమ్మివేయుడు. వాడుకొన్నచో, బోర్డు మూత లోపలి వైపున ఆ తీగె యెంత మందమో, ఎన్ని ఆంపియర్లు మోయునో, ఏ సంవత్సరమున పరీక్షింపబడినదో చెఱగని సిరాతో ఒక పంక్తి వ్రాసి పెట్టుడు. మీరు ఇల్లు విడిచిన పిదప అందులో దీపము వెలిగించు కుటుంబమునకు మీరు ఇవ్వదగిన దక్షిణ ఆ యొక్క పంక్తియే.